నొక్కిన గొంతు

మా బావని అందరూ పాముచెవి అనేవారు. వెనకాల కాదు, ఎదురుగానే. ఆయనకి అది బిరుదు కింద లెక్క. పదిమంది కలిసి వాయిస్తుంటే ఎవరి తీగె వెంట్రుకవాసి దిగిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. వీధిలో పోయే బండి చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడని మా అక్క అనేది గానీ, అది మొగుడి మీద మురిపెం. నేను పూర్తిగా నమ్మలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని రికార్డింగ్. మందుల షాపు మీద రెండు గదులు. ఒక గదిలో మైకు, ఒక కుర్చీ, గోడలకి నల్ల స్పాంజి. రెండో గదిలో మేం. మధ్యలో మందపాటి అద్దం. ప్రకటనలు, పాటలు, పుస్తకాలు చదివి వినిపించడాలు, ఏవి వస్తే అవి చేసేవాడు. నేను పని చేసే కంపెనీ మూతపడ్డాక అక్క నన్ను అక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మాటలు పట్టడం బావ పని. పట్టినవాటిని కంప్యూటర్‌లో కోసి, అతికి, శుభ్రం చేయడం నా పని. నలభై దాటిన నన్ను ఆయన ఇంకా చిన్నీ అనే పిలిచేవాడు.

ఆ గదిలో ఆయనకి ప్రాణం లాంటిది ఒక పెట్టె. బూడిదరంగు ఇనప్పెట్టె, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. లోపల గాజు వాల్వులు, ముందువైపు నాలుగు నాబ్‌లు, ఒక గుండ్రటి అద్దంలో ముల్లు. అసలు పేరు కంప్రెసర్. ఫోన్‌లో ఆ మాట అంటే కొత్తవాళ్ళు మేం ఫ్రిజ్‌లు బాగుచేస్తామనుకునేవారు. ఒకాయన నిజంగానే ఏసీ విప్పి ఆటోలో వేసుకొచ్చాడు. అప్పటినుంచీ దాన్ని పెట్టె అనే అనుకునేవాళ్ళం.

అది చేసే పని ఏమంత గొప్పది కాదు. మనిషి గొంతు ఒక్క తీరున ఉండదు. ఒక మాట దబ్బున పడుతుంది, ఇంకో మాట జారిపోతుంది. పెట్టె గట్టి మాటని నొక్కి, మొత్తాన్ని పైకెత్తుతుంది. దాంతో గుసగుసలాడినా వినపడుతుంది, అరిచినా చెవి కొయ్యదు. కాస్త నొక్కితే గొంతు నిండుగా, దగ్గరగా ఉంటుంది. మరీ నొక్కితే చెప్పిన మాటలన్నీ ఒకే ఎత్తులోకి వచ్చేస్తాయి. ఎంత నొక్కితే ముల్లు అంత ఎడమకి వాలుతుంది.

ఇదే పని కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ కూడా చేస్తుంది. మా ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా గొడవ అక్కడే. సాఫ్ట్‌వేర్ రికార్డింగ్ అయ్యాక నొక్కుతుంది. నచ్చకపోతే తీసేస్తే సరి, అసలు గొంతు ఎక్కడికీ పోదు. పెట్టె అలా కాదు. అది మైకుకీ కంప్యూటర్‌కీ మధ్యలో కూర్చుంటుంది, గొంతు నొక్కుడు పడ్డాకే లోపలికొస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఇక పితికిన పాలే, మళ్ళీ పొదుగెక్కవు. నేను అది చెబితే బావ తన మాట తను చెప్పేవాడు. సాఫ్ట్‌వేర్ నొక్కితే బొమ్మకి రంగేసినట్టుంటుందట, పెట్టె నొక్కితే మనిషికి ఒళ్ళు పట్టినట్టుంటుందట. ఆయనదీ అబద్ధం కాదు. ఆ పెట్టెలోంచి వచ్చిన పాటలు ఇప్పటికీ వింటాను, చాలా బాగుంటాయి. కాకపోతే తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా బావ. నేనూ ఏమీ తక్కువ తినలేదు.

ఒక ఉదయం ఒక జంట మెట్లెక్కి వచ్చారు. ఆవిడ లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఉద్యోగి. యాభై నాలుగో యాభై అయిదో ఉంటాయి. ఆయన పేము కుర్చీలు అల్లుతారు. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయిందట. ఆవిడ మోచేయి పట్టుకుని వచ్చారు గానీ మా గుమ్మం దాటగానే వదిలేసి, చప్పుడు విని గది ఎంతుందో తెలుసుకున్నట్టు నేరుగా బల్ల దాకా నడిచి ఆగారు.

మాట్లాడింది ఆవిడే. చాలా చిన్న గొంతు. లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు అలాగే మాట్లాడి అలవాటైందని నవ్వింది. గొంతులో రాచపుండు అని తేలిందట. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారట. ఆపరేషన్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తర్వాత మాట ఉండదు. ఆసుపత్రివాళ్ళు అరచేతంత పరికరం ఒకటి ఇస్తారు, ముందుగా రికార్డు చేసిపెట్టుకున్న మాటల్ని వేలితో ముట్టుకుంటే పలుకుతుంది. ఇంట్లో రోజూ అనే మాటలన్నీ తన గొంతుతో అందులో పెట్టుకోవాలి. కాగితం మీద రాసుకొచ్చింది. ఆరు వందల పైచిలుకు వాక్యాలు.

"రాసి చూపిస్తే చదివే మనిషి కాదు కదండీ," అంది ఆవిడ. "మా ఆయనకి నేనంటే నా గొంతే. ముఖం ఎలా ఉంటుందో తెలీదు."

ఆయన రికార్డింగ్‌కి ఆవిడ ఒక్కతే వస్తుందని, తను రానని మాత్రం చెప్పారు. అవసరం వచ్చినప్పుడు వింటాను, ఇప్పుడు మనిషినే వింటాను అన్నారు.

వాళ్ళు వెళ్ళాక బావ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో చేసినదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అన్నాడు. తన చేతిలో ఉన్న విద్యంతా దీంట్లో పెడతానన్నాడు. ఆయన విద్య అంటే పెట్టె అని నాకు తెలుసు.

"బావా, ఇది ప్రకటన కాదు. ఉన్నది ఉన్నట్టు తీసుకుందాం. నొక్కాలంటే తర్వాత కంప్యూటర్‌లో నొక్కుకోవచ్చు," అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు తీస్తే ఏముంటుంది చిన్నీ, గాలి తప్ప. చూశావుగా, ఆవిడ మాటల్లో సగం గాలిలోనే పోతున్నాయి."

నాకు ఒక్క మాట కూడా పోలేదు. చిన్న గొంతే గానీ ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. అది అప్పుడు నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఆయన వాదన కోసం అంటున్నాడనుకున్నాను.

మర్నాడు ఆవిడ వచ్చింది. పెట్టె వాల్వులు వేడెక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోగా మైకు దూరం చూసుకోవడానికి ఆవిణ్ణి ఏదో ఒకటి మాట్లాడమన్నాం. ఆవిడ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. తర్వాత బావ పెట్టె కలిపి మొదలుపెట్టబోతుంటే నేను మళ్ళీ అడిగాను. పెట్టె పెట్టుకో, కాదనను, పక్కనే నొక్కని కాపీ ఒకటి కూడా పోనిద్దాం అన్నాను. అదేమంత పని కాదు. మైకు యంత్రానికి వెనకాల రెండో రంధ్రం ఉంది. ఒక్క తీగె తగిలిస్తే చాలు. తీగె నా చేతిలోనే ఉంది.

అద్దం అవతల ఆవిడ వింటూ ఉండగానే బావ నవ్వుతూ, కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు చూసేవాళ్ళకి చెవుల మీద నమ్మకం ఉండదమ్మా అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు, అందులో కోపమేం లేదు. కానీ కొత్త మనిషి ముందు అనేసరికి నాకు చురుక్కుమంది. తీగె మళ్ళీ గోడ కొక్కేనికి తగిలించేశాను. చేసుకోనీ, ఆయన చెవులు, ఆయన పెట్టె అనుకున్నాను. కుర్చీ గోడవైపు తిప్పుకుని, పాత పని ఏదో ముందేసుకుని కూర్చున్నాను.

అలా ఆరు రోజులు. ఆవిడ రోజూ పదింటికి వచ్చి ఒంటిగంటకి వెళ్ళేది. మాటకీ మాటకీ మధ్య గోరువెచ్చటి నీళ్ళు తాగేది. 'లేవండి, ఏడైంది.' 'గ్లాసు మీ కుడిచేతి పక్కన పెట్టాను.' 'స్నానంలో ఉన్నాను, తలుపు మీరు తీయండి.' 'టీ పెట్టనా?' 'ఆ చొక్కా వద్దు, మరక ఉంది.' 'పోండి మీరూ.' ఒకే వాక్యాన్ని రెండు మూడు రకాలుగా చెప్పేది. ఒకటి మామూలుగా, ఒకటి విసుగ్గా, ఒకటి పక్కగదిలోంచి పిలిచినట్టు ముఖం పక్కకి తిప్పుకుని. ఈ చివరిది ఎందుకని బావ అడిగితే, ఎటునుంచి మాట్లాడుతున్నానో నా గొంతు ఎత్తుని బట్టి మా ఆయన చెబుతారండీ అంది. బావ ఓహో అని, పక్కకి తిరిగి చెప్పినవి కూడా స్పష్టంగా రావాలని ఇంకో నాబ్ తిప్పాడు.

నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ముల్లు ఎడమవైపు చివర ఒదిగి కూర్చుంది, లేవడం లేదు. మరీ అంతా అని నోటిదాకా వచ్చింది. అంటే మళ్ళీ చెవుల మాట వస్తుందని ఊరుకున్నాను. అలగడానికి అదా సమయం? కానీ అలిగాను.

ఏడో రోజు కాగితం పూర్తయింది. ఆవిడ బయటికొచ్చి, ఇంక మిగిలినవన్నీ ఇంటికెళ్ళి మా ఆయనతో మాట్లాడేసుకుంటాను అంది. మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి మా ఇద్దరికీ చాలా థాంక్స్ అంది. ఆవిడ గొంతు మేం మళ్ళీ వినలేదు.

ఆపరేషన్ అయింది. నేను వాక్యాలన్నీ వేరు చేసి పరికరంలోకి ఎక్కించాను. ఆ పని చేస్తున్నప్పుడే తెలిసింది. తెర మీద గొంతు గీతలుగా కనిపిస్తుంది. మామూలుగా గుట్టలూ పల్లాలూ ఉంటాయి. ఇవి ఇటుకల్లా ఉన్నాయి. మామూలుగా అన్నదీ, విసుగ్గా అన్నదీ, పక్కగదిలోంచి పిలిచినదీ, మూడు ఇటుకలు ఒకే ఎత్తు. వింటే మాత్రం బాగుంది. నిండుగా, రేడియోలోలా ఉంది. అక్క విని ఎంత బాగుందో అంది. మందుల షాపు ఆయన విన్నాడు, ఆయనా అదే అన్నాడు. ఇంతమంది బాగుందంటుంటే నాదే చాదస్తమేమో అనుకున్నాను. అనుకోవడానికి అది సుఖంగా ఉంది కూడా.

మూడు వారాలకి ఇద్దరూ వచ్చారు. ఆవిడ మెడకి పల్చటి గుడ్డ కట్టుకుంది. దాని వెనక రంధ్రంలోంచి ఊపిరి వస్తూ పోతూ ఉంది. చిక్కిపోయింది. పరికరం చేతిలో పట్టుకుని, బాగుందన్నట్టు నా వైపు చూసి తలాడించింది. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఇంట్లో నాలుగు రోజులుగా వింటున్నారట. ఇక్కడ పెద్ద స్పీకర్ల మీద ఒకసారి వినిపించమని అడిగారు. చిన్న పరికరం వల్ల అలా ఉందేమో చూడాలన్నారు.

వినిపించాను. ఇరవై వాక్యాల దాకా విన్నారు. తల కొంచెం వంచి, అల్లిక పనిలో ఉన్నట్టు వేళ్ళు కదిలిస్తూ విన్నారు.

"ఆపండమ్మా," అన్నారు.

ఆపాను.

"మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు పట్టడానికి లేదు. కానీ 'టీ పెట్టనా' అని తను వంటగదిలోంచి అంటే ఒకలా ఉంటుంది, నా పక్కన నిలబడి అంటే ఒకలా. నాకు కావాలేమోనని అడిగితే ఒకలా, తనకే తాగాలనుండి నా మీద పెట్టి అడిగితే ఒకలా. ఇందులో అన్నీ నా ముక్కుకి రెండంగుళాల దూరంలో నిలబడి చెబుతున్నట్టున్నాయి. తిట్టినా అంతే, పిలిచినా అంతే. ఎవరో మా ఆవిడలా మాట్లాడటం నేర్చుకుని వచ్చి కూర్చున్నట్టుంది."

ఆవిడ ఆయన అరచేయి తీసుకుని వేలితో ఏదో రాసింది, ఆ అక్షరాలు ఆయనకి ఆవిడే నేర్పిందట. ఆయన లేదు, అలా కాదు అన్నారు. ఆవిడ మళ్ళీ రాసింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన అలా చేయి లాక్కోవడం అదే మొదటిసారేమో, ఆవిడ ముఖం చూస్తే అలా అనిపించింది. తర్వాత ఆయనే మాతో, దీన్ని ముందున్నట్టు చేయగలరా అని అడిగారు. చాలా మర్యాదగా అడిగారు.

చేస్తామని బావే చెప్పాడు.

వాళ్ళు వెళ్ళాక పది రోజులు ఆ పని మీదే కూర్చున్నాను. నొక్కినదాన్ని మళ్ళీ సాగదీస్తామనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒకటొకటే వాడి చూశాను. ఎత్తు తగ్గిస్తే మాట తగ్గింది గానీ దాని వెనక ఊపిరి పెరిగి, మాట మాటకీ ఎవరో తలుపు తీసి వేస్తున్నట్టు వచ్చింది. పక్కగది పిలుపుని దూరం జరిపితే పాడుబడ్డ గదిలోంచి పిలిచినట్టుంది. పోయినదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం? పెట్టె దాన్ని దాచలేదు, పారేసింది. ఆవిడ గొంతు వేరే ఎక్కడైనా ఉందేమోనని వాళ్ళని అడిగాం. ఫోన్‌లో చుట్టాల పెళ్ళి వీడియో ఒకటి దొరికింది. అందులో ఆవిడ రెండు మాటలంది, బాజాల హోరులో కలిసిపోయాయి.

ఓ మధ్యాహ్నం బావకి రెండు రకాలు వినిపించి ఏది నయమో చెప్పమన్నాను. రెండూ ఒకలాగే ఉన్నాయన్నాడు. రెండోదాంట్లో ఊపిరి బుసలు కొడుతోంది, గది దాటి వినపడేంత. స్పీకర్లు సరిచూసుకోవడానికి ఒక సన్నటి కూత ఉంటుంది, అది వేశాను. చెవిలో సూది పెట్టినట్టుంది. బావ బల్ల మీద చేతులు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"వెయ్యి మరి," అన్నాడు.

కూత మోగుతూనే ఉంది. నా ముఖం చూసి ఆయనకి అర్థమైంది. మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆరేళ్ళుగా తెలుసట. మొదట సన్నటి శబ్దాలు పోయాయి. తర్వాత మాటల అంచులు పోయాయి. పాముచెవికి చెవుడంటే నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో టీవీ సౌండు పెంచుకుంటుంటే అక్క వయసు అనుకుంది. మరి ఇన్నేళ్ళు పని ఎలా చేశావని అడిగాను.

"నీ ముఖం చూసి," అన్నాడు. "నాబ్ తిప్పేటప్పుడు నీ వైపు చూసేవాణ్ణి. నువ్వు కనుబొమ్మ ముడిస్తే తగ్గించేవాణ్ణి. ఆవిడ వచ్చినప్పుడు నువ్వు అటు తిరిగి కూర్చున్నావు. నాకు వినపడేదాకా తిప్పాను."

నన్ను తప్పుపట్టడానికి అన్న మాట కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ తర్వాత నేను చాలాసార్లు ఆ కుర్చీని ఇటు తిప్పుకుని చూశాను, మనసులోనే.

అక్క ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వినికిడి పరీక్ష కాగితం మీద గీత సగం దాకా సాఫీగా వెళ్ళి, అక్కడినుంచి మెట్లమీద జారినట్టు పడిపోయింది. తిరిగి రాదన్నారు. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చి, ఇది చిన్న శబ్దాల్ని ఎత్తుతుంది, పెద్ద శబ్దాల్ని నొక్కుతుంది అని వివరించారట. బావ ఒక్కసారి నవ్వాడట. ఎందుకు నవ్వాడో డాక్టరుకి అర్థం కాలేదని అక్క చెప్పింది.

వాళ్ళింటికి వెళ్ళి చెప్పాల్సిందేనని బావే పట్టుబట్టాడు. నేనూ వెళ్ళాను. ముందుగది నిండా విరిగిన కుర్చీలు, గోడకి చుట్టలు చుట్టిన పేము బద్దలు, నీళ్ళ తొట్టిలో నానేసిన కట్ట. ఆయన నేలమీద కూర్చుని ఒక సీటు అల్లుతున్నారు. ఆవిడ మాకు స్టూళ్ళు వేసి, వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. బావ తడబడకుండా చెప్పాడు. చెవులు పోయాయని, దాచానని, ఆవిడ మాటలు తనకి అందక పెట్టె మీద పెంచుకుంటూ పోయానని, వెనక్కి తేవడం ఎవరివల్లా కాదని. నేను తీగె సంగతి చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

ఆయన చేతులు ఆగలేదు. ఒక బద్ద ఆ చివరిదాకా లాగి, బిగించి, అప్పుడన్నారు.

"మీకు వినపడాలని నాకు వినపడకుండా చేశారన్నమాట."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బావ తట్టుకునేవాడు.

అప్పుడు నేను తీసుకెళ్ళిన దాని గురించి చెప్పాను. మొదటిరోజు పెట్టె వేడెక్కేలోపు ఆవిడ లెక్కపెట్టిన అంకెలు. అలవాటుకొద్దీ నేను రికార్డు మీట నొక్కి ఉంచాను. ఏ ఫైల్లో ఏముందో వెతుకుతుంటే ఆ ముందు రోజే దొరికింది. నలభై సెకన్లు. దానిమీద పెట్టె నొక్కుడు లేదు, సాఫ్ట్‌వేరు లేదు, ఏమీ లేదు.

ఆయన అల్లిక పక్కన పెట్టారు. నేను లాప్‌టాప్ నేలమీద పెట్టి వినిపించాను. ఒకటి, రెండు, మూడు. చిన్న గొంతు, లైబ్రరీ గొంతు. నాలుగు దగ్గర కొంచెం జారి, ఏడు దగ్గర తేరుకుంది. పది అయ్యాక, 'చాలా అండీ? ఇంకా చెప్పనా?' అంది.

ఆయన చేయి చాచి లాప్‌టాప్ అంచు ముట్టుకున్నారు.

"నాలుగు దగ్గర భయపడింది," అన్నారు. "ఆపరేషన్ దాకా ఒక్కనాడు కూడా భయం లేదనే చెప్పింది నాకు."

గుమ్మం దగ్గర ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపుకి శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం గబగబా ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ ఏడుస్తోందని ఆయనకి తెలియలేదు. నేను చెప్పాలా వద్దా అనుకుంటూ ఉండిపోయాను, చెప్పలేదు.

ఫైలు పరికరంలో పెట్టి ఇస్తానన్నాను. ఆయన వద్దన్నారు. రోజూ అదే వింటూ కూర్చుంటాను, తను పక్కనే ఉండి నేను వినడం చూస్తూ ఉంటుంది, అది బాగుండదు అన్నారు. మీ దగ్గరా ఉంచుకోకండి అన్నారు. ఆవిడ వచ్చి ఆయన చేతిలో ఏదో పొడుగ్గా రాసింది. ఏం రాసిందో ఆయన మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఫైలు ఆయన చెప్పినట్టే తీసేశాను.

బావ మళ్ళీ మైకు ముట్టుకోలేదు. పెట్టెని వేరే స్టూడియోవాళ్ళు వచ్చి ఎత్తుకెళ్ళారు. దానికేం లోపం లేదు, బాగా పని చేస్తుంది. ఇప్పుడు అన్నీ నేనే చేస్తున్నాను. నొక్కకుండా పట్టి, తర్వాత కంప్యూటర్‌లో సరిచేస్తాను. వచ్చినవాళ్ళు తృప్తిగానే వెళతారు. ఇన్నేళ్ళ వాదనలో నేనే గెలిచాను, ఆ మాట ఎవరితో చెప్పుకోను. బావ పొద్దున్నే వచ్చి రెండో కుర్చీలో కూర్చుంటాడు. చెవి మిషను జేబులో పెట్టుకుంటాడు గానీ చెవిలో పెట్టుకోడు. నేనేదైనా అడిగితే ఊఁ అంటాడు, అడగనిదానికి కూడా.

ఆ ఇంటికి నేను రెండు మూడు నెలలకోసారి వెళ్ళొస్తుంటాను. పరికరంలో కొత్త మాటలు కావాలంటే ఆవిడ కాగితం మీద రాసిస్తుంది. ఉన్న వాక్యాల్లోంచి ముక్కలు కోసి అతికి ఇస్తాను. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి కనుక అతుకు తెలియదు. కొత్త మందు పేరు, పక్కింట్లో దిగినవాళ్ళ సంగతి, అలాంటివి. నేను ఆ పని చేసేటప్పుడు ఆయన లేచి పెరట్లోకి వెళతారు. ఇంట్లో మాటలు బాగా తగ్గాయి. ముందు ఆవిడ గదిలో ఉంటే కూనిరాగమో, సణుగుడో, ఏదో ఒకటి వినపడుతూ ఉండేదట. ఇప్పుడు ఒకే గదిలో ఉన్నా ఆయనకి తెలియదు. ఒకసారి ఆవిడ పక్కనే నిద్రపోతుండగా ఆయన బయటికొచ్చి ఆవిడ కోసం వీధంతా అడిగారట.

పోయిన నెల ఆవిడ రాసిచ్చిన కాగితంలో ఒక్క వాక్యమే ఉంది. 'నేను ఇక్కడే ఉన్నాను.' ఆరు వందల వాక్యాల్లో అది లేదు. అలా చెప్పాల్సిన పని ఆవిడకి అంతకుముందు ఎప్పుడూ పడలేదు. ఒక వాక్యంలోంచి 'నేను', ఆయన నల్ల కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో చెప్పినదాంట్లోంచి 'ఇక్కడే', స్నానం మాటలోంచి 'ఉన్నాను' తీసి అతికాను. పరికరంలోకి ఎక్కించి ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ తెర మీద వేలు పెట్టింది. నిండుగా, స్పష్టంగా పలికింది.

పెరట్లోంచి ఆయన "ఆ" అన్నారు.

ఆవిడ కాసేపు ఆగి మళ్ళీ వేలు పెట్టింది.

"విన్నాను," అన్నారు ఆయన.